పోస్టరు నంబరు నలభై ఏడు

గోపాలపురం బీచి హోటల్లో
మెట్ల కింద, చేతులు కడుక్కునే చోటు పక్కన
నా పోస్టరుకి జాగా ఇచ్చారు.
ముప్పై ఒక్క పాముకాట్లు, మోహనా ఆసుపత్రి, రెండేళ్ళు.
ఒక మూల టేపు అంటక, ఫ్యానుగాలికి లేచి పడుతూనే ఉంది.

కాన్ఫరెన్సంటే పేపర్లు కాదే, మనుషులు, అంది లావణ్యక్క.
నెట్‌వర్కింగ్ చెయ్యకపోతే
రెసిడెంటు పోస్టు నీ దాకా రాదు.
ముప్పై సెకన్లలో నిన్ను నువ్వు చెప్పుకో,
కార్డు చేతిలో పెట్టు, నవ్వు, పక్కకి జరుగు.

తెప్ప మీద కూచుని వల కుడుతూ మా అన్న విన్నాడు.
"నెట్టంటే వల. వర్కంటే పని.
మనింటి పనే కదేటి, దానికి ఇంగ్లీసెందుకే?"
పంటితో దారం తెంపాడు.

కార్డులు బరంపురం పెద్దబజార్లో
శుభలేఖలేసే ప్రెస్సులో కొట్టించాను.
వందకి తక్కువైతే మిషను తిప్పనన్నాడు.
డాక్టర్ మైలపల్లి జలజ, చుట్టూ తామరతీగ అంచు.
అడక్కుండానే వేశాడు, దానికి డబ్బులొద్దన్నాడు.

మొదటి రోజు పదిహేడు పంచాను.
ఒకాయన దాంతో పళ్ళసందులు కెలుక్కున్నాడు.
ఒకావిడ నా భుజం మీదుగా
వెనకెవరున్నారో చూస్తూ "నైస్, నైస్" అంది.
అద్దం ముందు నలభైసార్లు చెప్పుకున్న ఇంగ్లీషు
గొంతులో చేపముల్లులా అడ్డం తిరిగింది.

రెండో రోజు భోజనాలయ్యాక అందరూ నా దగ్గరికే వచ్చారు,
నా దగ్గరికి కాదు, కుళాయి దగ్గరికి.
వేళ్ళనిండా కోనాం వేపుడు వాసన.
తెల్లారుతూనే వంటింటి గుమ్మంలో తూచి దింపింది మా అన్నే.
తడిచేతులకి కార్డెలా ఇవ్వను?
టిష్యూ పెట్టె పట్టుకుని నిలబడ్డాను.
హోటలు పిల్లననుకుని
ఒక పెద్దాయన సబ్బు లేదని కసిరాడు. తెచ్చిచ్చాను.

ఆఖర్న వచ్చినాయన చేతులు తుడుచుకుంటూ
పంతొమ్మిదో వరస దగ్గర ఆగిపోయాడు.
సుంబారి, తొమ్మిదేళ్ళు, కట్లపాము,
రెప్పలు వాలిపోయాక తెచ్చారు.
"మోహనాలో వెంటిలేటరు లేదే," ఇంగ్లీషులో.
లేదండి, అంబూబ్యాగు నొక్కుతూ తెచ్చాం,
రెండున్నర గంటలు, తప్తపాణి ఘాటు మలుపుల్లో,
ఒకరి చెయ్యి పడిపోతే ఇంకొకరం...
అప్పటికిగాని తెలీలేదు తెలుగులో చెప్తున్నానని.
ఆయనా తెలుగులోనే, జయపురం యాసలో,
"ఇంకొకరంటే?"
అటెండరు కార్తికో.
పోస్టరు తలమీది పేర్లన్నీ చదివాడు.
మొదటిది సూపరింటెండెంటుగారిది,
ఆయన ఈ పోస్టరు మొహం చూడలేదు.
"ఇందులో కార్తికో ఏడి?"
నా దగ్గర ముప్పై సెకన్లున్నాయి. ఒక్కటీ వాడలేదు.

ఖాళీ ఒకటే ఉందన్నాడు. ఆశ పెట్టుకోవద్దన్నాడు.
కార్డు అడగలేదు. చేతిలో టిష్యూ మీదే
నంబరు రాసిచ్చి మెట్లెక్కిపోయాడు.
తడికి సిరా పాకింది.
చివరి రెండంకెలు, మూడో ఎనిమిదో, ఒకటో ఏడో.

మర్నాడు మోహనా బస్సు.
దిగపహండి దాటితే ఘాటు, ఘాటెక్కితే సిగ్నలుండదు.
నాలుగు నంబర్లలో మొదటిది నొక్కాను.
ఎవరో ఎత్తారు. గడగడా మొదలెట్టాను, ఈసారి ఒడియాలో,
పోస్టరు, పాప, రాత్రి, చేతులు,
కార్తికో పేరు చేరుస్తానని.
అవతల గాలికొట్టే మిషను చప్పుడు.
భంజనగర్లో పంచర్ల కొట్టట.
ఆ మాట ముందే చెప్పొచ్చు, చెప్పలేదు, అంతా విన్నాడు.
విని అడిగాడు, "ఝిఅటి బంచిలా?"
పిల్ల బతికిందా అని.

మెట్ల కింద ఆ మాట ఎవరూ అడగలేదు.
నేనూ చెప్పలేదు. పట్టికలో డిశ్చార్జి అని రాశాను.

బతికింది, అన్నాను. ఇప్పుడు మంచం మీద పడుకుంటోంది,
కార్తికో నులకతాడు కొనిచ్చాడు.
అయితే మంచిదే, అని పెట్టేశాడు.

ఇంకా మూడు నంబర్లున్నాయి.
కిటికీలో కొండ మొదలైంది.